పాతగని పిలిచిన మధ్యాహ్నం

నాపరాళ్ళ గనుల పక్కన బండలతో కట్టిన ఇళ్ళున్న ఒక పల్లెలో బూదిగాడు అనే కుక్క ఉండేవాడు. మంచివాడే, కాని సుంకి అనే ఐదేళ్ళ పిల్ల తన ఒక్కడి సొత్తని అనుకునేవాడు.

బూడిదరంగు ఒళ్ళు కాబట్టి ఆ పేరు సుంకే పెట్టింది. ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద పడుకునేవాళ్ళు. సుంకి తినే రొట్టెలో సగం వాడిదే. పక్కింటి పిల్లలెవరైనా ఆమె చెయ్యి పట్టుకుంటే గుర్రుమనేవాడు. సుంకి తల్లి లింగమ్మ నవ్వి, "ఏమిరా, పిల్లను నీకేమన్నా రాసిచ్చినామా?" అనేది. బూదిగాడు మాత్రం రాసిచ్చినట్టే తిరిగేవాడు.

జూన్ నెలలో సుంకిని బడిలో వేశారు.

ఆ పొద్దున వాడికి ఏదీ నచ్చలేదు. సుంకి ఒంటి మీద కొత్తబట్ట వాసన. చేతిలో పలక. లింగమ్మ ముందు, సుంకి వెనక, ఆ వెనక బూదిగాడు నడిచారు. ఊరి చివర పొడవాటి తెల్ల భవనం ఒకటి ఉంది. దాని ముందు పిల్లలు గెంతుతూ, కేకలు వేస్తూ ఉన్నారు. ఇంతలో గంట మోగింది. అంతమంది పిల్లలూ ఒక్కసారిగా నోళ్ళు మూసుకుని వరసగా లోపలికి వెళ్ళిపోయారు. సుంకి కూడా వెళ్ళిపోయింది. గేటు పడింది.

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపలినుంచి ఒక గొంతు లేచింది. వెళ్ళింది నలభైమంది, వినిపించే గొంతు మాత్రం ఒక్కటే. "అ... ఆ... ఇ... ఈ..." అని అది ఆగి ఆగి అరిచింది. అందులో సుంకి గొంతు ఎక్కడుందో బూదిగాడు చెవులు రిక్కించి వెతికాడు. దొరకలేదు. వాడి వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

'ఈ ఇల్లు పిల్లల్ని మింగేసింది' అనుకున్నాడు.

సాయంత్రం ఆ ఇల్లు పిల్లల్ని మళ్ళీ బయటికి వదిలింది. సుంకి పరుగున వచ్చి వాడి మెడ కౌగిలించుకుంది. కాని ఆమె వేళ్ళకు బలపం వాసన, గౌనుకు ఎవరెవరో పిల్లల వాసన. అన్నం తింటూ తింటూ కూడా "అ, ఆ" అని గొణుక్కుంది. బూదిగాడు ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు.

మర్నాటినుంచి వాడికి పగళ్ళు భయంకరంగా ఉండేవి. పెద్దవాళ్ళంతా గనికి, పిల్లలంతా బడికి వెళ్ళిపోయేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఊళ్ళో ఒక్క మనిషీ కనిపించేవాడు కాదు. తలుపులు మూసిన ఇళ్ళ మధ్య గాలి ఒంటరిగా తిరిగేది. ఎండకు కాగిన బండలు ఉన్నట్టుండి టక్కుమనేవి. ప్రతిసారీ వాడు ఉలిక్కిపడి లేచేవాడు.

నాలుగో రోజు ఇక ఓర్చుకోలేకపోయాడు. బడి వెనక్కి వెళ్ళి, కిటికీ కింద నిలబడి మూలిగాడు. సుంకి తొంగి చూసింది.

"పో బూదిగా, పో! టీచరు కోప్పడుతాది."

వాడు పోలేదు. ముందుకాలు ఒకటి పైకెత్తి, దెబ్బ తగిలినట్టు కుంటుతూ నడిచాడు. సుంకి మనసు ఆగలేదు. ఒంటేలుకని టీచరును అడిగి బయటికొచ్చింది, ప్రహరీగోడ సందులోంచి జారుకుంది.

బూదిగాడి సంతోషానికి హద్దు లేదు. ఇంటికి తీసుకెళ్తే ఎవరో ఒకరు చూసి మళ్ళీ బడికి పంపుతారు. గనివైపు వెళ్తే లింగమ్మ ఉంటుంది. అందుకని ఎవరూ రాని చోటికి, పాతగని వైపు దారితీశాడు. నాలుగడుగులు వేశాక కుంటడం మరిచిపోయాడు.

"నీ కాలు బాగానే ఉంది గదరా, దొంగోడా!" అంది సుంకి. అయినా నవ్వుతూ వెంట నడిచింది.

పాతగనిలో పని ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. నాలుగు వైపులా నిలువు కోత కోసిన బండగోడలు. అడుగున పచ్చటి నీళ్ళు. ఎంత గాలి వీచినా ఆ నీళ్ళు కదిలేవి కావు. "దాని పక్కకు పోవద్దు. ఎవరన్నా పిలిస్తే అది పలుకుతాది" అని లింగమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి సుంకి అంచుకు కాస్త దూరంలో ఆగిపోయింది.

"బూదిగా, ఆగురా!" అని పిలిచింది.

"బూదిగా, ఆగురా!" అంది అవతలి గట్టు.

బూదిగాడు కొయ్యబారిపోయాడు. అది సుంకి గొంతే. ఆ ముద్దుమాటే, ఆ సాగదీతే. కాని అటునుంచి వీచే గాలిలో సుంకి వాసన లేదు. తడిసిన రాతి వాసన తప్ప ఏ వాసనా లేదు, బలపం వాసన కూడా.

అప్పుడు వాడికొక ఆలోచన వచ్చింది. 'బడికి పోయే సుంకి ఇక్కడుంది. బడికి పోని సుంకి అక్కడుంది. ఆమె నాకొక్కడికే.'

వాడు గట్టు చుట్టూ పరుగుతీశాడు.

"నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతున్నావురా?" అని సుంకి అరిచింది.

"యాడికి పోతున్నావురా?" అని అవతలి గట్టు అరిచింది. వాడు ఆ రెండో పిలుపువైపే పరిగెత్తాడు.

తీరా వెళితే అక్కడ ఎవరూ లేరు. కాలుతున్న బండ మీద తొండ ఒకటి తల ఊపుతోంది. పిలుపు ఈసారి ఎడమవైపునుంచి వచ్చింది. అటు పరిగెత్తాడు. అక్కడా ఎవరూ లేరు. మరోసారి నీళ్ళలోంచి వచ్చినట్టయింది. తొంగి చూశాడు. ఆ పచ్చటి నీళ్ళలో ఒక కుక్క నోరు తెరుచుకుని వాడివైపే చూస్తోంది.

అంతలో రాళ్ళు జారిన చప్పుడైంది. వాణ్ణి వెతుకుతూ సుంకి అంచుదాకా వచ్చి కాలుజారింది. ఒక్క కేక. ఆ వెంటనే ఏడుపు. నాలుగు దిక్కులా నలుగురు సుంకిలు ఏడుస్తున్నట్టు గని అంతా మోగిపోయింది.

బూదిగాడు ఒక ఏడుపు దగ్గరికి పరిగెత్తాడు, మరో ఏడుపు దగ్గరికి పరిగెత్తాడు. ఎక్కడికి వెళ్ళినా రాయే. ఇక చెవుల్ని నమ్మలేక ముక్కు నేలకు ఆనించాడు. రొట్టె వాసన కోసం, గోనెపట్టా వాసన కోసం వెతికాడు. దొరకలేదు. దొరికింది బలపం వాసన, కొత్తగౌను వాసన. నాలుగు రోజులుగా వాడికి గిట్టని వాసన అదే. అదే పట్టుకుని వెళ్ళాడు.

అంచు కింద, రెండు నిలువుల లోతున, గోడలోంచి పొడుచుకొచ్చిన పలచటి బండ మీద సుంకి ముడుచుకుని కూర్చుంది. మోకాలినుంచి రక్తం కారుతోంది. బండ పగులులోంచి మట్టి కొంచెం కొంచెంగా నీళ్ళలోకి రాలుతోంది.

వాడు మెడ చాచాడు. అందలేదు. మొరిగాడు. గని తిరిగి మొరిగింది.

వాడు వెనక్కి తిరగడం చూసి సుంకి వెక్కుతూ, "నన్ను ఇడిసిపెట్టి పోవద్దురా, బూదిగా!" అంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉండమని సుంకి ఏడుస్తుంటే వాడు ఆమెను వదిలి వెళ్ళాడు.

బడి గేటు దగ్గర వాడు ఆగాడు. లోపలికి వెళ్తే తననూ మింగేస్తుందనుకున్నాడు. అయినా కళ్ళు మూసుకున్నంత పని చేసి లోపలికి దూకాడు. లోపల గొంతూ లేదు, కడుపూ లేదు. పిల్లలు వరండాలో వరసగా కూర్చుని పప్పన్నం తింటున్నారు. వాడు నేరుగా వెళ్ళి ఖాజాబీ టీచరు చీరకొంగు పట్టి లాగాడు.

"ఛీ, పో!" అని వంటచేసే తిక్కమ్మ గరిటె ఎత్తింది. గరిటె దెబ్బ వీపు మీద పడింది. వాడు కొంగు వదల్లేదు.

"ఆగు తిక్కమ్మా, ఇది సుంకి కుక్క గదా?" అంది టీచరు. వరస వైపు చూసింది. ఒక పళ్ళెం ముందు ఎవరూ లేరు. ఆమె ముఖం పాలిపోయింది. "ఒంటేలుకని పోయిన పిల్ల! అయ్యో, నేను చూసుకోలేదే! కుక్క పాతగని వైపే గుంజుతాంది, చేంతాడు తీస్కో, రా!"

బూదిగాడి వెంట పరుగున వచ్చి, గని అంచున నిలబడి టీచరు, "సుంకీ!" అని పిలిచింది. నాలుగు గోడలూ "సుంకీ!" అన్నాయి. తిక్కమ్మకు చెమటలు పట్టాయి. బూదిగాడు ఏ పిలుపూ పట్టించుకోకుండా తిన్నగా వెళ్ళి సుంకి ఉన్న చోట నిలబడ్డాడు.

తిక్కమ్మ తాడును ఒక రాతిస్తంభానికి బిగించి పట్టుకుంది. టీచరు దాని ఆసరాతో దిగి, పిల్లను వీపున కట్టుకుని పైకొచ్చింది. ఆమె కాలు గట్టు మీద పడీ పడకముందే ఆ బండ విరిగి నీళ్ళలో పడింది. నీళ్ళు ఒక్కసారి తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు టీచరు సుంకిని ఎత్తుకుని నడిచింది. సుంకి టీచరు భుజంలో ముఖం దాచుకుంది. సగం దారిలో వెనకనుంచి, ఎంతో మెల్లగా, "బూదిగా..." అని వినిపించింది.

టీచరు ఆగింది. "నువ్వు పిలిచినావా, అమ్మీ?"

సుంకి కాదని తల ఊపింది.

"వెనక్కి చూడొద్దు మేడమ్, నడవండి" అంది తిక్కమ్మ.

బూదిగాడి చెవి ఒకటి వెనక్కి తిరిగింది. కాళ్ళు మాత్రం ముందుకే నడిచాయి.

సంగతి తెలిసి లింగమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మోకాలు మానడానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజు సుంకి మళ్ళీ పలక తీసుకుంది. బూదిగాడు గేటుదాకా నడిచి, అక్కడ తనంతట తానే ఆగిపోయాడు. గంట మోగింది. సుంకి వెనక్కి తిరిగి చూసింది. వాడు మూలగలేదు, కుంటలేదు. తోక ఊపాడు. ఆమె నవ్వి లోపలికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం పాతగని వైపునుంచి ఎవరో పిలిచినట్టయింది. వాడు లేవలేదు. సాయంత్రం నిజమైన సుంకి వచ్చేదాకా ఇంటి గడపలోనే కూర్చున్నాడు.

ఇష్టమైనవాళ్ళు ఎదగడానికి వెళ్ళే దారికి అడ్డుపడేవాడు వాళ్ళనే పోగొట్టుకుంటాడు. వెళ్ళనిచ్చి ఓపిగ్గా ఎదురుచూసేవాడి దగ్గరికి వాళ్ళు తిరిగి వస్తారు.