తడి తూకం

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ప్రయోగశాలలో ఎవరు ఏ సందేహం అడిగినా నోటితో జవాబు చెప్పకుండా, "ఏదీ, చేసిన సరుకు పట్రా, చూద్దాం" అనేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న దమయంతి ఒకరోజు అడిగింది. "మాస్టారూ, సమీకరణం ప్రకారం ఇంత రావాలని లెక్క కడతాం. తీరా చేతికొచ్చినదాన్ని దాంతో భాగించి, నూరుతో హెచ్చవేస్తే అరవయ్యో, డెబ్భయ్యో. దిగుబడి ఏనాడూ నూరు రాదు. నా చేతిలో ఏదీ నిలవదా?"

ఆ చివరి మాట రసాయనం గురించి కాదని అక్కడున్న మాకందరికీ తెలుసు. నెల కిందట ఆమెకు పుట్టిన ఆడపిల్ల వారమైనా బతకలేదు. కడుపుతో ఉన్నన్నాళ్లూ తిండీ, మందూ, నిద్రా అన్నీ తూచినట్టే చూసుకున్న మనిషి. "పొత్తిళ్లలో పోయినదానికి ఎన్నాళ్లు ఏడుస్తావు?" అని ఇంట్లో పెద్దలు అంటే, కళ్లు తుడుచుకుని పచ్చి బాలింతగానే పనిలోకి వచ్చేసింది. ఎంత గట్టి పిల్లో అని మేమంతా మెచ్చుకున్నాం. మెచ్చుకోవడానికి మాదేం పోయింది!

మర్నాడు మొహం చేటంత చేసుకుని వచ్చింది. "ఈసారి నూట ఎనిమిది వచ్చింది మాస్టారూ!"

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, మేమూ తలలూపాం. వడగట్టిన పొడిని సరిగ్గా ఆరబెట్టకుండా త్రాసులో పెడితే నీళ్ల బరువు కూడా కలిసి లెక్క నూరు దాటుతుంది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు చేసే పొరపాటు అది, వాళ్లకు దిద్ది చెప్పేది కూడా ఈ దమయంతే. కానీ ఆ నవ్వు చూసి ఎన్నాళ్లో అయింది. చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు.

మాస్టారూ తప్పనలేదు. "ఓవెన్లో పెట్టమ్మా. బరువు తగ్గడం ఆగేదాకా తూస్తూ ఉందాం" అని స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నారు. కాసేపటికి తీసి తూస్తే తొంభై. మళ్లీ పెట్టింది. ఎనభై కూడా లేదు. తూచిన ప్రతిసారీ ఆమె మొహం వాడిపోతూ వచ్చింది. చివరికి అరవై నాలుగు దగ్గర ఆగింది. ఇంకోసారి ఆరబెట్టినా అంతే ఉంది.

"చూశారా మాస్టారూ, నిలవదు" అంది దమయంతి. "ఎక్కడో నేనే తప్పు చేశాను."

"నా చేతిలోనూ ఏనాడూ నూరు నిలవలేదమ్మా" అన్నారాయన.

అంతే, ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది. బల్ల మీద తల వాల్చి, నా తల్లీ, నా బంగారుతల్లీ అంటూ, అందరిముందూ మొదటిసారి బిడ్డ కోసం ఏడ్చింది. తోటి విద్యార్థిని మేరీ సుగుణ పరుగున వెళ్లి ఆమె భుజాలు పట్టుకుంది. "ఊరుకోవే, ఊరుకో. నువ్వు గట్టిదానివి కదూ!"

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏడవనీ అమ్మా. ఈ పిల్లని తడి ఆరకుండానే తూచేశాం, మనమందరం."