రాజుగారి ఒక్క అక్షరం

ముందు మీరు చెప్పండి. ఇదిగో, ఈ తాటాకు ముక్క మీద 'త' అని ఒక అక్షరం, దాని పక్కన ఒక చుక్క. ఏం చూశారు? తమలపాకా? తవుడా? తలుపా? ఆలోచించకుండా చెప్పండి. పక్కవాళ్లనూ అడగండి. ఇద్దరి నోట ఒకే మాట వస్తే నేను ఓడిపోయినట్టే.

మీరు తప్పు చెబితే పోయేదేమీ లేదు. ఒకానొక రాజ్యంలో మాత్రం ఆ చుక్క పెట్టిన అక్షరం ఒక మావటివాడి మెడ మీదికి వచ్చింది.

ఆ రాజు పేరు రణధీర భూపతి. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే వంటశాలలో పెట్టిన ఎసరు ఇగిరిపోయేది. అందులో ఒక్కటి తగ్గినా భట్రాజుకు ఆ పూట మూడినట్టే. తన పేరు అంత పొడుగ్గా వినే మనిషికి, ఎదుటివాడి సంగతి రాయాల్సి వచ్చేసరికి బద్ధకం ముంచుకొచ్చేది.

"సామాన్యుడు వంద మాటలు ఆడతాడు. రాజుకు ఒక్క అక్షరం చాలు" అనేవాడు.

"ఆహా! మహాసముద్రాన్ని ఒక్క చుక్కలో బిగించారు ప్రభూ!" అనేవాడు మహామంత్రి విరూపాక్షయ్య. ఆయనకు అది తప్ప వేరే పని ఉన్నట్టు ఎవరూ చూడలేదు.

అలా మొదలైంది. ఆజ్ఞ ఏదైనా సరే ఆకు మీద మనిషి పేరు, ఒక అక్షరం, ఒక చుక్క, కింద రాజముద్ర. అంతే. అదేమిటని అడిగితే రాజుగారి బుద్ధిని శంకించినట్టు. అందుకని ఎవరూ అడగలేదు. ఎవరికి తోచింది వాళ్లు చేసేవారు. అడగడానికి భయపడేవాడు చెయ్యడానికి భయపడడు, చూడండి, అదే లోకంలో పెద్ద రోగం.

ఇలా ఉండగా దసరా ఊరేగింపు వచ్చింది. రాజుగారు పట్టపుటేనుగు మీద అంబారీలో కూర్చున్నారు. బాణసంచా చప్పుడుకు ఏనుగు బెదిరి జనం మీదికి తిరిగింది. మావటి దానయ్య దాని చెవి పట్టుకుని వేలాడి, ఏదో బుజ్జగించి, నాలుగు అడుగుల్లో నిలబెట్టాడు. పిల్లాజెల్లా బతికిపోయారు. కానీ ఆ కుదుపుకు రాజుగారి తలపాగా ఊడి బురదలో పడింది. బోడి నెత్తితో ఉన్న రాజును ఊరంతా చూసింది.

మర్నాడు కోటలోంచి ఒక ఆకు బయటికి వచ్చింది. 'మావటి దానయ్య. త.'

ఆకు మోసే బంటుకు 'త' అంటే తలారి అనిపించింది. తీసుకెళ్లి తలారి పోలన్నకు ఇచ్చాడు. పోలన్నకు 'త' అంటే తల అనిపించింది. అతని వృత్తిలో ఉన్నవాడికి ఇంకేం అనిపిస్తుంది? దానయ్యను ఏనుగు దగ్గర్నుంచి అటే పట్టుకుపోయి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పని ముగించాలని కత్తి నూరడం మొదలుపెట్టాడు.

దానయ్య భార్య నాంచారి పరుగెత్తుకుంటూ వచ్చి అడపం బాచన గుమ్మంలో కూలబడింది. బాచనది రాజు పక్కన తాంబూలం సంచి పట్టుకుని నిలబడే కొలువు. రాజు అడిగినప్పుడు ఆకులు చుట్టి ఇవ్వాలి, విసుగు పుట్టినప్పుడు నాలుగు చమత్కారాలు చెప్పాలి. సభలో రాజుకు ఎదురు మాట చెప్పి కూడా నవ్వించగలవాడు అతనొక్కడే.

"బాబూ, మా ఆయన ఏం తప్పు చేశాడు? ఏనుగును ఆపడం తప్పా?" అంది నాంచారి.

"ఆపడం తప్పు కాదు తల్లీ. ఆపేటప్పుడు రాజుగారి నెత్తి కనబడటమే చిక్కు" అన్నాడు బాచన. అని, నవ్వు రాక, కండువా భుజాన వేసుకుని లేచాడు. "పద. ఏడుపు తరవాత. ముందు నువ్వు సభలో నాకు కనబడేలా నిలబడు."

కోట గుమ్మం దగ్గర కాపలా ముసలాయన ఉన్నాడు. అతనికి ఏదో యుద్ధంలో భూపతి తన చేత్తో పాగా కట్టాడు. ఆ రాజ్యంలో రాజు చేత్తో కట్టిన పాగాకు ఒక కట్టుబాటు ఉంది. కట్టిన రాజు బతికి ఉన్నంతకాలం ఆ ముడి విప్పకూడదు. విప్పితే రాజు పోయాడని చాటినట్టు. అందుకని పాపం, వేసవైనా వర్షమైనా ఆ ముసలాయన పాగాతోనే తిండి, పాగాతోనే నిద్ర. దురద పుడితే పాగా సందులోంచి చీపురుపుల్ల దూర్చి గోక్కునేవాడు.

ఆ పూటా గోక్కుంటున్నాడు. బాచన అతన్ని దాటి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"తాతా, నీ ఆయుష్షు గట్టిది" అన్నాడు.

"ఆయుష్షు మాట అటుంచు, పేలు గట్టివి నాయనా" అన్నాడు ముసలాయన.

బాచన నవ్వుకుంటూ సభలోకి వెళ్లాడు.

బిరుదులు చదవడం అయ్యాక బాచన రాజుకు తాంబూలం అందించి, చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, దానయ్య విషయంలో తమరు రాసిన ఆజ్ఞ ఒక్కసారి మా చెవిన పడితే పుణ్యం. 'త' అంటే ఏమిటో?"

మహామంత్రి కస్సుమన్నాడు. "ఏమయ్యా బాచనా! ప్రభువులు రాసిన దానికి అర్థం అడిగేంత వాడివయ్యావా?"

రాజు ఆకు తెప్పించుకుని చూశాడు. తాంబూలం నములుతున్న దవడ ఆగిపోయింది.

ఏళ్ల తరబడి ఆ దవడ పక్కనే నిలబడ్డవాడు బాచన. కోపం వస్తే అది ఎలా కదులుతుందో, ఆకలేస్తే ఎలా కదులుతుందో అతనికి తెలుసు. ఇప్పుడు ఆగిన తీరు చూసి సంగతి గ్రహించాడు. రాజుకు గుర్తు లేదు! రాసినప్పుడు ఏమనుకున్నాడో ఆయనకే గుర్తు లేదు. మెచ్చుకుని రాశాడో, మండిపడి రాశాడో, ఆ దేవుడికే ఎరుక.

గుర్తు లేదని ఒప్పుకునే మనిషైతే చిక్కే లేదు. ఒప్పుకోడు. ఒప్పుకోవడం కంటే ఒక మావటి తల పోవడం ఆయనకు తేలిక. పెద్దరికం అని దానికి పేరు పెట్టుకుంటారు ఇలాంటివాళ్లు!

"త అంటే... త అంటే ఏమిటో మీకు తెలియదా?" అని రాజు సభ మీద విరుచుకుపడ్డాడు. "ఇన్నాళ్లుగా నా కొలువులో ఉండి ఏం నేర్చుకున్నారు? చెప్పండి!"

గజశాల అధికారి ముందుకొచ్చాడు. "మాకు త అంటే తవుడు ప్రభూ. మొన్న పరదేశపు రాయబారి పేరు మీద త వస్తే బస్తాలు బస్తాలు పంపాం. పాపం, కళ్లనీళ్లతో పుచ్చుకున్నాడు."

బట్టల కొట్టు అధికారి అన్నాడు, "మాకు త అంటే తలపాగా ప్రభూ."

"తమలపాకులు" అన్నాడు తోటల అధికారి.

"తలంటు" అన్నాడు స్నానశాల పెద్ద.

కోటగోడల మేస్త్రి నసిగాడు. "మాకు తవ్వకం ప్రభూ. కిందటి నెల పెద్దరాణిగారి పేరు మీద త వచ్చింది. వారి మల్లెతోట మొత్తం తవ్వేశాం."

"అది మీ పనా!" అని లోపలి తెర వెనకనుంచి పెద్దరాణి గొంతు వినిపించింది. సభలో ఎవరో నవ్వబోయి దగ్గు కింద మార్చుకున్నారు.

తలారి పోలన్న మాత్రం నవ్వలేదు. "మాకు తల" అన్నాడు. "పొద్దెక్కుతోంది ప్రభూ."

గుంజకు ఆనుకుని నిలబడ్డ నాంచారి నోట్లో కొంగు కుక్కుకుంది.

రాజు దవడ ఇంకా కదలలేదు. తప్పించుకునే దారి వెతుకుతున్నాడు. ఇదే అదను అనుకున్నాడు బాచన.

"క్షమించండి ప్రభూ, అడగడమే నా తప్పు" అన్నాడు దణ్ణం పెట్టి. "మావి చిన్న బుర్రలు. ఒక్క అక్షరంలో ఒక్క అర్థం కోసం దేవులాడుతున్నాం. ఒక్క అర్థంతో సరిపెట్టుకోవడానికి అది కరణం రాసిన అక్షరమా? రణధీర భూపతులు రాసినది! ఇందాక వీళ్లు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. ఏ ఒక్కటి వదిలినా ఆజ్ఞ మీరినట్టే. అన్నీ జరిపించాలి."

రాజు దవడ కదిలింది. మళ్లీ నమలడం మొదలుపెట్టాడు. "అదీ! ఇన్నాళ్లకు ఒక్కడికి అర్థమైంది."

"అన్నీ అంటే? తల కూడానా?" అన్నాడు మహామంత్రి.

"తల కూడా అయ్యగారూ. ఎందుకు వదలాలి?" అన్నాడు బాచన.

నాంచారి అతని వంక చూసిన చూపు ఏ శత్రువు మీదా పడకూడదు. బాచన తల తిప్పుకున్నాడు.

"అయితే ప్రభూ, రాజుగారి చెయ్యి ముందు ఇస్తుంది, తర్వాతే పుచ్చుకుంటుంది. ఇచ్చేవన్నీ ముందు కానివ్వండి. పుచ్చుకునేది ఎటూ పారిపోదు కదా."

"సబబే" అన్నాడు రాజు.

ఇంకేం, కోటంతా కదిలింది. దానయ్యను పట్టుకొచ్చి కూర్చోబెట్టి నెత్తిన నూనె పెట్టారు. సున్నిపిండితో రుద్దారు. చావబోయేవాడికి ఇంత ముస్తాబు ఎందుకో అతనికి బోధపడలేదు. "ఏనుగుకు పొద్దున్నుంచి మేత లేదండీ" అని మాత్రం అంటున్నాడు. అతని పేరున వచ్చిన తవుడు ఏనుగుకే పోయించారు. తమలపాకుల మోపు నాంచారి ఒళ్లో పెట్టారు. అతని ఇంటి ముందు నీళ్ల బావి తవ్వమని మేస్త్రిని పంపించారు.

ఇక తలపాగా మిగిలింది. బట్టల కొట్టు అధికారి ఎర్రని పట్టు పాగా పళ్లెంలో తెచ్చి, తానే కట్టబోయాడు.

"ఆగండి!" అన్నాడు బాచన. "త రాసింది మీ చెయ్యా? ప్రభువుల చెయ్యా? అక్షరం ఒకరిది, పని ఇంకొకరిదీ అయితే ఏం బాగుంటుంది?"

"నిజమే" అని రాజు పొంగిపోయి గద్దె దిగాడు. నూనె వాసన వేస్తున్న దానయ్య తలకు తన చేత్తో పాగా చుట్టి, వెనక గట్టిగా ముడి వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, వంకర లేకుండా కుదిరిందో లేదో కూడా చూసుకున్నాడు.

"కుదిరింది ప్రభూ" అన్నాడు బాచన. "ఇప్పుడు పోలన్న వంతు."

పోలన్న కత్తి పట్టుకుని వచ్చాడు. దానయ్య మెడ చూశాడు. మెడ పైన పాగా చూశాడు. పాగా వెనక ముడి చూశాడు. కత్తి నేల మీద పెట్టేశాడు.

"నా వల్ల కాదు" అన్నాడు.

"ఏమిటా తిరుగుబాటు?" అన్నాడు మంత్రి.

"రాజు చేతి ముడి ఉన్న తల తెగిపడితే, ప్రభువులు బతికుండగానే ప్రభువుల ముడి విప్పినట్టేనండి. మా తాత ముత్తాతలు ఎవరూ చెయ్యని పని."

"అయితే ముడి ముందు విప్పేసి నరుకు!"

"విప్పండి అయ్యగారూ" అని బాచన వినయంగా పక్కకు తప్పుకున్నాడు. "ప్రభువులు పోయారని చాటడానికి మహామంత్రులే తగినవారు."

విరూపాక్షయ్య చాచిన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది.

రాజు మంత్రి వంక చూశాడు. పోలన్న కత్తి వంక చూశాడు. దానయ్య నెత్తిన తన చేత్తో, తనే మెచ్చుకుంటూ వేసిన ముడి వంక చూశాడు. మొహం ఎర్రబడింది. మీసం అదిరింది. బాచన తన మెడ తడుముకున్నాడు. ఇప్పుడు పోయే తల ఎవరిదో అనుకున్నాడు.

రాజు ఒక్కసారిగా పకపకా నవ్వాడు. తాంబూలం పొరబోయి దగ్గి, దగ్గి మళ్లీ నవ్వాడు.

"ఒరే బాచనా! నా చేతినే నాకు అడ్డం పెట్టావు కదరా! వీడి తల జోలికి నేనే వెళ్లలేకుండా చేశావు!" కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి, అయినా అందరికీ వినబడేలా అన్నాడు. "నిజం చెప్పనా? ఏమనుకుని రాశానో నాకే గుర్తు లేదు."

ఆ మాటతో సభంతా ఊపిరి వదిలింది. నాంచారి ఒళ్లోని తమలపాకులు నేలపాలు చేసి పరుగెత్తుకెళ్లి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఏం కాలేదులే, ఏడవకు. ఏనుగు తిన్నదా?" అన్నాడు దానయ్య.

"నీకు మంచి ఇనాము ఇస్తున్నానురా" అని రాజు ఆకు, గంటం అందుకున్నాడు.

"అయ్యో, రాయకండి ప్రభూ!" అని బాచన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మహాప్రభో, నోటితో చెప్పండి. నిండు మాట చెప్పండి!"

ఈసారి నవ్వు ఆపుకోవాలని ఎవరూ ప్రయత్నించలేదు. రాజు తన మెడలోని ముత్యాల దండ తీసి బాచన మెడలో వేసి, "ముత్యాల దండ" అని పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు విడివిడిగా పలికాడు. అప్పటినుంచి ఆ కోటలో ఏ ఆజ్ఞ అయినా పూర్తి మాటల్లో రాసి, గట్టిగా చదివి వినిపించాకే బయటికి వచ్చేది.

దానయ్య బతికాడు, సంతోషం. కానీ నాకు మండేది ఒక్కటే. రాజు దవడ ఆగిపోవడం ఆ పూట సభలో బాచన ఒక్కడే చూశాడా? అంతమంది అధికారులు, పండితులు, అంత దగ్గరగా నిలబడి, అందరూ చూశారు. చూసి నేల వంక చూశారు.

మీరు ఆ సభలో ఉండి ఉంటే, ఎటు చూసేవారు?