ముడిరాయి మాత చీర

పూర్వం కృష్ణాతీరాన, నేతపనివారు కాపురముండే ఒక క్రైస్తవ పేటలో, మరియమాత పండుగనాడు తేరుమీద ఊరేగే మాత స్వరూపానికి కట్టే చీరను ఏటేటా శౌరమ్మ అనే భక్తురాలు ఉపవాసముండి, జపమాల చెప్పుకుంటూ నేసేది. తేరు కదిలినప్పుడు జనమంతా మాతకు దండం పెడుతుంటే, శౌరమ్మ మాత్రం చీర అంచు చూసుకుని మురిసిపోయేది.

ఒక ఏడు, పేట గుడికి పెద్దయిన విచారణ స్వాములవారు ఆ భాగ్యాన్ని ఆమె తోడికోడలు ఇన్నాసమ్మకు అప్పగించారు. ఆనాటినుండి శౌరమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంది. ఇన్నాసమ్మ నవ్వితే తనను చూసే నవ్విందని, నవ్వకపోతే పొగరెక్కిందని కుళ్ళిపోయేది. మోకరించి ప్రార్థన మొదలుపెడితే పెదవులమీద మాత పేరు, మనసులో తోడికోడలి మగ్గం చప్పుడు.

ఆ పేటలో ఒక కట్టడి ఉండేది. మగ్గానికి ఎక్కించే ముందు వీధిలో నిలువునా సాగదీసిన నూలు పడుగులో తెగిన పోగు కనబడితే, అది పగవారిదైనా సరే, ఆగి అతికి మరీ వెళ్ళాలి. అటువంటి పేటలో పుట్టిన శౌరమ్మ, మాత చీర కోసం ఇన్నాసమ్మ సాగదీసిన పడుగు దగ్గరకు వెళ్ళి, అంచున ఒక పోగును చేజేతులా తెంపి, ఆ ముక్కను ముడివేసి, "దాని చెయ్యి పడిపోను!" అని శపిస్తూ గుప్పిట మూసింది. మూసిన గుప్పిట మళ్ళీ తెరుచుకోలేదు.

దయ్యం పట్టిందన్నారు ఊరివారు. ఎడమచేత్తో అన్నం తింటూ శౌరమ్మ సిగ్గుతో చితికిపోయింది. పడుగుకు ఆధారంగా పాతిన రాతి దగ్గర ఆమెను కూర్చోబెట్టి, స్వాములవారు దీవించిన నీళ్ళు చల్లి ప్రార్థించినా వేళ్ళు కదలలేదు. "అమ్మా, ప్రభువు ఎంతటి సంకెళ్ళనైనా తెంచుతాడు. నువ్వు దాచుకున్నదాన్ని మాత్రం లాక్కోడు. నువ్వే ఇవ్వాలి," అన్నారాయన. చెప్పుకుంటే పరువు పోతుంది, చెప్పకపోతే చెయ్యి పోతుంది. చెయ్యి పోయినా సరేననుకుని ఆమె పళ్ళు బిగించింది.

అంతలో ఇన్నాసమ్మ కన్నీళ్ళతో వచ్చి ఆమె పక్కన చతికిలబడింది.

"అక్కా, అంచున పోగు తెగిందే. నేనెంత అతికినా నిలవట్లేదు. నీ చెయ్యి పడితేగాని మాత చీర ముందుకు సాగదు."

శౌరమ్మ గుండె బద్దలైంది. "తెగలేదే, నేనే తెంపాను! నీమీద పడి ఏడ్చి ఏడ్చి ఇట్లా అయిపోయాను. యేసయ్యా, నన్ను విడిపించు!" అని ఆ రాతిమీద తల వాల్చి భోరుమంది. అప్పుడు ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. ముడిపడిన దారం రాతిమీద జారిపడింది. ఆ చేత్తోనే ఆమె తెంపిన పోగును అతికింది. ఆ ఏటి చీరకు అంచు శౌరమ్మది, నడుమ నేత ఇన్నాసమ్మది.

ఆ రాయి పేరనే ఆ పేట ముడిరాయి అయింది. రాయి నేటికీ అక్కడే ఉంది. మాత చీర అంచులో అతుకుముడి ఒకటి కనబడేలా ఉంచడం నేటికీ ఆచారమే. ఆ చీర నేయడానికి ఏటా ఇద్దరిని ఎంచుతారు, అదీ ఆ ఏడు ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరిని. అటువంటి జంట దొరకక పండుగ ఆగిన ఏడు మాత్రం ఇంతవరకు లేదు.