బండి ఊపిరి

పిడుగురాళ్ళలో పున్నారావు అనే ఆయన ఉండేవాడు. తన కారుకు కాస్త నలత చేసినా ఇట్టే కనిపెట్టేవాడు గానీ, పక్కనున్న మనిషి కుప్పకూలుతున్నా ఆయన కంటికి ఆనేది కాదు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. చెప్పీ చెప్పీ మనకు నోరు నొప్పి పుట్టడమే తప్ప వాళ్ళు ఓ పట్టాన మారరు.

ఆయన ఆ కారును బాడుగకు తిప్పేవాడు. నడిపేది ఏసోబు. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఒక బాడుగ దించి వచ్చేసరికి ఇంకో బాడుగ గుమ్మంలో కాచుకుని ఉండేది. ఏసోబు సీటు వెనక్కి వాల్చి ఓ కునుకు తీద్దామనుకునేలోపే ఫోను మోగేది.

ఆ వేసవిలో కారు ఎత్తు రోడ్ల మీద లాగలేక ఈడ్చుకుంటూ పోవడం మొదలుపెట్టింది. పున్నారావు బానెట్ ఎత్తి, ఇంజనుకు గాలి వెళ్ళే గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి చురుక్కుమంది. ఇంజను తన వేడినే తాను పీల్చుకుంటోంది. ఆయన మనసు కరిగిపోయింది.

"పాపం, ఈ వడగాలి పీల్చుకుంటా ఇది బరువెట్టా లాగుద్ది?" అన్నాడు.

మెకానిక్ దగ్గర తనే పీట వేసుకుని కూర్చున్నాడు. గొట్టం మూతిని ఇంజను పక్కనుంచి తప్పించి, ముందున్న జాలీ వెనక, బయటి గాలి తగిలేచోటికి మార్పించాడు. ఇంజను వేడి దానికి సోకకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టించాడు. కన్నబిడ్డకు కూడా అంత శ్రద్ధగా చేసి ఉండడు.

కారు నిజంగానే తేలికపడింది. గట్టిగా తొక్కితే గొట్టంలోంచి హుస్సుమని గాలి పీల్చే చప్పుడు వినిపించేది. పున్నారావుకు ఆ చప్పుడంటే ప్రాణం. దారిన పోయేవాళ్ళను ఆపి మరీ వినిపించేవాడు.

కారు బాగుపడి వచ్చిన సాయంత్రమే ఏసోబు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఒక్కరోజు ఇంటికాడ పడుకుంటానయ్యా. కళ్ళు నా మాట ఇనట్లేదు" అన్నాడు.

పున్నారావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బండి సుఖపడ్డాక ఇంక నీకేం కష్టంరా?" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. కారు ఇప్పుడు అలసిపోవడం లేదు కాబట్టి ఇంకొన్ని బాడుగలు ఎక్కువ ఒప్పుకున్నాడు. కారుకు చేసిన మేలు తిరిగి తిరిగి ఏసోబు మెడకే చుట్టుకుంది. అతను మళ్ళీ అడగలేదు. అడిగే ఓపిక కూడా అయిపోయింది.

ఆ వారంలోనే పున్నారావు ఏదో పని మీద అదే కారులో గుంటూరు వెళ్ళి మధ్యాహ్నం తిరిగి వస్తున్నాడు. అంతకుముందు రాత్రంతా ఏసోబు పెళ్ళివారిని చేరవేసి, ముఖం కడుక్కుని నేరుగా వచ్చేశాడు. అద్దాలు బిగించి ఉన్నాయి. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. పున్నారావు ముందు సీట్లో కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి వింటున్నాడు. నిదానంగా, లోతుగా ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు. ఎంత హాయిగా పీలుస్తోందో నా తల్లి, అని మురిసిపోయాడు.

అలా కొద్ది క్షణాలు మురిశాక గానీ, గొట్టం గాలి పీలుస్తుందే తప్ప వదలదన్న సంగతి ఆయనకు తట్టలేదు. కళ్ళు తెరిచాడు. ఆ ఊపిరి ఏసోబుది. స్టీరింగు మీద చేతులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, తల వాలిపోయింది.

ఆయన నోరు తెరిచి పిలిచేలోగానే కారు రోడ్డు దిగి కంకర కుప్పను గుద్దుకుంది. పున్నారావుకు నుదురు చిట్లింది. ఏసోబు కాలు విరిగింది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక కూడా ఏసోబు కళ్ళు తెరవలేదు. పున్నారావు హడలిపోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ పరీక్షించి, భయపడాల్సింది ఏమీ లేదని, అతను నిద్రపోతున్నాడని చెప్పింది. సరిగ్గా పడుకుని ఎన్నాళ్ళయిందని అడిగింది. కారుకు ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగి ఉంటే పున్నారావు తేదీతో సహా చెప్పేవాడు. ఏసోబు నిద్ర లెక్క మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు సిగ్గేసింది.

మర్నాడు బాగా పొద్దెక్కాక ఏసోబుకు మెలకువ వచ్చింది. మంచం పక్కన పున్నారావు కనబడగానే గాభరాగా లేవబోయాడు. కట్టు కట్టిన కాలు కదల్లేదు.

"ఎక్కడికి పోవాలయ్యా?" అన్నాడు.

పున్నారావు అతని భుజం పట్టి మళ్ళీ వెనక్కి వాల్చాడు. "ఎక్కడికీ వద్దు, పడుకో" అన్నాడు. ఆ మాటేదో అతను అడిగిన రోజునే అని ఉంటే ఆ కాలు విరిగేది కాదు.

నీతి: మన దగ్గర పనిచేసే మనిషి అలసటను మనమే కనిపెట్టి విశ్రాంతి ఇవ్వాలి, వస్తువుల మీద ఎంత దయ చూపినా ఆ లోటు తీరదు.