నాయుడు పాతిన తాటిదుంగ

కూర్మయ్యస్వామి ఒకే ప్రశ్నకి ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా జవాబు చెప్పేవారు. ఒకడితో "ఉపవాసం చెయ్యి" అనేవారు. వాడి పక్కనే కూర్చున్నవాడితో "నువ్వు ముందు కడుపునిండా తిను" అనేవారు. తక్కిన శిష్యులు నవ్వుకుని ఊరుకునేవారు గాని, తవిటినాయుడికి మాత్రం ఇది కంట్లో నలుసయింది. ముప్పయ్యేళ్ళు తాలూకా ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టి వచ్చిన మనిషాయె! కాగితం మీద లేనిది లోకంలోనే లేదని అతని నమ్మకం.

"స్వామీ, మీకా ఎనభై దాటాయి. రేపు మీరు లేకపోతే మా గతేమిటి? ఏ ప్రశ్నకి ఏది జవాబో ఖాయం చేసి చెప్పండి, పుస్తకం రాసేస్తాను" అన్నాడొకనాడు. స్వామి "రాయి నాయనా" అని మాత్రం అన్నారు.

ఆ ఆశ్రమం సముద్రపుటొడ్డున ఉండేది. అక్కణ్ణించి బస్సు ఆగే చోటికి సరుగుడు తోపు పక్కనుంచి ఇసక దారి. ముసలీ ముతకా కూడా కబుర్లాడుకుంటూ నడిచిపోయేటంత తేలికైన దారి. మధ్యలో ఏటి మొగ ఒక్కటే చూసుకోవాలి, అంటే ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటు. సరైన చోట దిగితే మోకాలిలోతు, చీర కాస్త ఎత్తిపట్టుకుని దాటెయ్యొచ్చు. రోజూ తెల్లారేసరికి చేపలమ్మే నూకమ్మ అందరికంటే ముందు దిగి, కాళ్ళతో తడిమి చూసి, లోతులేని చోట ఒక సరుగుడు గెడ గుచ్చేది. ఊరంతా ఆ గెడ పక్కనే దాటేది. సాయంత్రం ఇంటికొస్తూ ఆమే దాన్ని పీకి చంకన పెట్టుకుపోయేది.

"గుచ్చిన గెడ పీకడమేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!" అని నాయుడు విసుక్కునేవాడు. నూకమ్మ నవ్వేసి పోయేది.

అతని భయం అతనిది. తల్లి పోయాక తనని పెంచి పెద్దచేసిన అక్క సూరమ్మ, అతను అప్పా అని పిలిచే ఆవిడ, అమావాస్య వెళ్ళాక చూడ్డానికి వస్తానని కబురంపింది. నీళ్ళంటే ఆవిడకి హడలు. బస్సు ఆలస్యమై ఏ పొద్దుగూకేవేళకో వచ్చిందంటే గెడ ఉండదు, ఎక్కడ దిగుతుందో ఏమో! నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆఖరికి ఇద్దరు మనుషుల్ని పెట్టి, అవతలి గట్టున, ఆనాడు గెడ ఉన్నచోటికి సూటిగా ఒక తాటిదుంగ పాతించాడు. మొదలు దగ్గర రాళ్ళు కూరించి, పైనుంచి కిందిదాకా సున్నం కొట్టించాడు.

స్వామి చూసి, "అబ్బో, సున్నం కూడా కొట్టావే!" అన్నారు.

నాయుడు పొంగిపోయాడు. "తెల్లదుంగ దగ్గర దిగు అప్పా, కళ్ళు మూసుకుని వచ్చెయ్యొచ్చు" అని ఉత్తరం రాసి, గది తలుపేసుకుని పుస్తకంలో పడ్డాడు. మళ్ళీ మొగ వైపు వెళ్ళిందే లేదు.

అప్ప వచ్చే రోజు పొద్దున్న స్వామి చేతికర్ర తీసుకుని, "పద, ఎదురెళదాం" అన్నారు. దారి పొడుగునా నాయుడి మనసు మనసులో లేదు. బస్సు అందిందో లేదో, ఎండకి సోలిపోయిందో ఏమో అని ఒకటే గొణుగుడు. మొగ దగ్గరికి వచ్చి చూస్తే, నూకమ్మ గెడ తాటిదుంగకి అరవై అడుగుల దూరాన, సముద్రం వైపు ఉంది. మొన్నటి అమావాస్య పోటుకి ఏరు దారి మార్చుకుంది. దుంగ కింద నీళ్ళు నల్లగా సుడి తిరుగుతున్నాయి. అవతలి గట్టున, చెప్పులు చేత్తో పట్టుకుని, అప్ప ఆ దుంగ వైపే వస్తోంది.

"అప్పా! ఆగు! అక్కడ కాదు!" అని గుండెలు పగిలేలా అరిచాడు. ఆ సముద్రపు హోరులో ఎవరికి వినబడుతుంది? తమ్ముడు చేతులూపుతుంటే రమ్మంటున్నాడనుకుని ఆవిడ నవ్వింది. ఒక చేత్తో దుంగని ఆసరా పట్టుకుని నీళ్ళలో అడుగేసింది. రెండో అడుక్కి మనిషి లేదు. చెప్పులు మాత్రం తేలాయి.

ఈత రాని నాయుడు పీకలోతు దాకా వెళ్ళి, అక్కడే నిలబడి, "అయ్యో, నా అప్ప! నా చేతులారా చంపుకున్నాను" అని ఏడ్చాడు. అప్పుడే రెండో తట్ట ఎత్తుకుని గెడ దగ్గర దాటుతున్న నూకమ్మ, చేపల తట్ట నీళ్ళలో పారేసి, ఈదుకెళ్ళి, ఆవిడ జుట్టు ఒడిసిపట్టి ఇవతలి గట్టుకి లాక్కొచ్చింది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిచింది. చాలాసేపటికి సూరమ్మ నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, తమ్ముణ్ణి చూసింది.

"తెల్లదుంగ దగ్గరే దిగేన్రా" అంది.

ఆ మాటకి నాయుడు చంటిపిల్లాడిలా భోరుమన్నాడు.

స్వామి నూకమ్మకి చేతులు జోడించి, "రేపు ఎక్కడ దాటాలమ్మా?" అని అడిగారు.

"రేపటి మాట ఇయ్యాలేటి సెప్తాను బాబూ? రేపు కాలెట్టి సూడాల" అంది నూకమ్మ, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ.

తిరుగుదారిలో, సరుగుడు తోపు దగ్గర, అప్పని పొదివి పట్టుకుని నడిపిస్తున్న నాయుడి వైపు తిరిగి, స్వామి "నీ పుస్తకం ఎంతదాకా వచ్చింది నాయనా?" అన్నారు.

"సగం అయింది స్వామీ."

"సున్నం కూడా కొట్టేశావా?" అన్నారు స్వామి.