శుక్రవారం ఎక్కించవచ్చా?

వాదన పెట్టుకోవడమంటే రాజ్యలక్ష్మి మేడం గారికి మహా చిరాకు. శిష్యులు ఎవరేం అడిగినా సరే, లేచి తన కుర్చీ చూపిస్తారు. "కూర్చో" అంటారు. అంతే! మిగతాది ఆ కుర్చీయే చెబుతుందని ఆవిడ నమ్మకం.

పిలిచిన ఇంటికి అంబులెన్సును పంపే సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు ఆవిడది. అక్కడో ఆచారం ఉంది లెండి: శుక్రవారం నాడు నడుస్తున్న సిస్టంలోకి కొత్త కోడ్ ఎక్కించరు. ఎక్కిస్తే ఏదో ఒకటి చెడుతుందనీ, శని ఆదివారాలు చూసే నాథుడు ఉండడనీ భయం. దీని మీద క్యాంటీన్‌లో రెండు పార్టీలు, రోజూ రభస. నూకరాజుది "అంతా మూఢనమ్మకం" అనే పార్టీ. ఓ శుక్రవారం మధ్యాహ్నం టీ గ్లాసుతోనే వచ్చి అడిగేశాడు.

"మేడం, శుక్రవారం ఎక్కించకూడదన్నది నియమమా, చాదస్తమా? మీరే తేల్చండి."

ఆవిడ లేచారు. "కూర్చో నాయనా. చిరునామాలు వెతికే నీ కొత్త కోడ్ సిద్ధంగానే ఉందిగా, ఎక్కించెయ్."

నూకరాజు మొహం చేటంతయింది. దర్జాగా కూర్చుని మీట మీదికి వేలు తెచ్చాడు. అప్పుడు మేడం గారు కుశలం అడిగినట్టే అడిగారు.

"మీ అక్కకి నెలలు నిండాయన్నావు. పురుడెక్కడ?"

"మా ఊళ్లోనేనండి."

"అక్కడి అంబులెన్సులూ దీంతోనే కదూ నడిచేది?"

వేలు గాల్లోనే ఆగిపోయింది. వాళ్ల ఊళ్లో ఇళ్లకు నంబర్లెక్కడివి? రేషన్ షాపు వెనక పెంకుటిల్లు అంటారు, అంతే. తను సరిచూసుకున్నవన్నీ పట్నం చిరునామాలాయె. నంబరు లేని ఇల్లు తగిలితే ఈ కోడ్ ఏం చేస్తుంది? తెలియదు. రాసింది తనే, అయినా తెలియదు! అక్క మంచం పట్టె పట్టుకుని మూలుగుతున్నట్టూ, బండి కూత వేసుకుంటూ ఇంకో ఊరి వైపు పోతున్నట్టూ కళ్లకు కట్టింది. పాము పడగ దగ్గర్నుంచి లాక్కున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఎదుటి పార్టీ సత్యవాణి పకపకా నవ్వింది. "ఏం నూకరాజూ, చూశావా శుక్రవారం మహిమ!"

అతనికి ఉక్రోషం కూడా రాలేదు. "సోమవారం ఎక్కిస్తానండి" అన్నాడు.

మేడం గారు టీ గ్లాసు తీసి అతని చేతికందించారు. కుర్చీ మాత్రం తిరిగి అడగలేదు.

"సోమవారమైతే మీ అక్కకి నొప్పులు రావా?" అన్నారు.