ఎవరూ పక్కకి పిలవని ఎలుగుపిల్ల

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో చదువు ఆపేశాను. ఇప్పుడు బడిలోనే వంట చేస్తున్నాను. పిల్లలు కథ చెప్పమంటే సిగ్గుతో నాకు నోట మాట రాదు. అందుకని మధ్యాహ్నం గిన్నెలు తోమాక కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండర్రా.

అనగనగా ఇప్పచెట్లు ఎక్కువగా ఉన్న ఒక అడవిలో, ఒక గుహలో, భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. వాడికి పెళ్లాం, ముద్దులు అనే కూతురు. బయట భల్లయ్య అందరికీ మంచివాడే. గుహలోకొస్తే పెళ్లాన్నీ పిల్లనీ కొట్టేవాడు. పైన చెట్టు మీద ఉడుతమ్మకి ఆ ఏడుపులు రోజూ వినిపించేవి.

ఆ అడవిలో పిల్లల్ని కాపాడడానికి ఒక పంచాయతీ ఉంది. ఏనుగమ్మ దానికి పెద్ద. అయితే అక్కడొక మర్యాద ఉంది. ఇంటాయన లేనప్పుడు ఎవరూ గుమ్మం తొక్కకూడదు. వచ్చేముందు వడ్రంగిపిట్టతో కబురు కూడా పంపాలి.

ఉడుతమ్మ భయపడుతూనే పంచాయతీకి చెప్పింది. ముందు కబురు వచ్చింది, తర్వాత పంచాయతీ తరఫున కొంగ వచ్చింది.

"రండి రండి కొంగగారూ, తేనె పుచ్చుకోండి" అన్నాడు భల్లయ్య. ముద్దులు మెడ మీద చెయ్యేసి కూర్చున్నాడు.

"ఏమ్మా, మీ నాన్న కొడతాడా?" అని అడిగింది కొంగ.

"లేదండీ."

"మరి చెవి మీద ఆ గాటు?"

"తుమ్మముల్లు గీరింది."

కొంగ తేనె తాగి, బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయింది. అది అటు వెళ్లగానే, "ఎవత్తితో చెప్పావే?" అంటూ భల్లయ్య ఇంకా కొట్టాడు.

ఉడుతమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి దుప్పి వచ్చింది. పిల్ల కుంటుతోంది. దుప్పి కూడా తండ్రి ఎదుటే అడిగింది. "రాయి మీద జారాను" అంది ముద్దులు. తల్లి నేల చూసింది. దుప్పీ తేనె తాగింది.

మూడోసారి ఏనుగమ్మే వచ్చింది. గుహ బయటే నిలబడి, "ఇద్దరు వచ్చి చూసి బాగుందన్నారు కదా! ఇంకేం చూడమంటావే ఉడుతా?" అని విసుక్కుంది. లోపలికి తొంగి కూడా చూడలేదు.

ఆ వారంలోనే ముద్దులు ఎడమ కన్ను పోయింది.

అప్పుడు పంచాయతీ కూర్చుంది. "నేను వెళ్లాను" అంది కొంగ. "నేనూ వెళ్లాను" అంది దుప్పి. "అంతా పద్ధతి ప్రకారమే జరిగింది" అంది ఏనుగమ్మ.

ఉడుతమ్మ అంది. "అందరూ వెళ్లారమ్మా. ఒక్కరైనా దాన్ని పక్కకి పిలిచారా? నేనూ చెట్టు మీంచే చెప్పాను. కిందకి దిగి దాని పక్కన కూర్చోలేదు."

ఏనుగమ్మ తల దించుకుని లేచింది. కబురు పంపకుండానే గుహకి వెళ్లి, తల్లినీ పిల్లనీ తన మందలోకి తెచ్చుకుంది. భల్లయ్య అరిచాడు గానీ, ఏనుగుల దగ్గరికి రాలేకపోయాడు. ముద్దులుకి అక్కడ దెబ్బల్లేవు. కన్ను మాత్రం తిరిగి రాలేదు.

ఇది రాసిన మర్నాడు పొద్దున నేను బియ్యం కడుగుతుంటే, రెండో తరగతి సుగుణ బడి తెరవకముందే వచ్చి అరుగు మీద కూర్చుంది. రోజూ అలాగే వస్తుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పొయ్యి వెనక పీట వేసి రమ్మన్నాను. అక్కడ ఇంకెవరూ లేరు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఊరుకున్నాను. చాలాసేపటికి "అత్తా" అంది. ఇంట్లో జరిగేదంతా చెప్పింది, విన్నాను. చేతులు తుడుచుకుని, దాని వేలు పట్టుకుని హెడ్మాస్టరమ్మ గదిలోకి వెళ్లాను. ఆ రోజు అన్నం ఆలస్యమైంది.

నీతి: కొట్టేవాడి ఎదుట పిల్లని అడిగితే అడగనట్టే. పక్కకి పిలిచి, అది చెప్పేదాకా కూర్చోవాలి.